గీత ‘కాదు’ వైపు తిరిగితే ఎటు పోవాలి?

జూన్ వచ్చిందంటే చిత్తూరు, బంగారుపాళ్యం, గుడిపాల దారుల్లో తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లే కనిపిస్తాయి. దామలచెరువు మండీలో బేనిషా బేరాలు ఒకవైపు సాగుతుంటే, తోతాపురి మాత్రం చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీల దారి పడుతుంది. దేశంలో మామిడి గుజ్జుకు రెండే పెద్ద కేంద్రాలున్నాయి. ఒకటి మన చిత్తూరు, రెండోది సరిహద్దుకు అవతల తమిళనాడులోని కృష్ణగిరి. ఈ రెండు చోట్లా కలిపి 65 దాకా ఫ్యాక్టరీలు ఉన్నాయని వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చెబుతుంది.

గేటు దాటి లోపలికి పోయాక కాయ మీద మనిషి చెయ్యి పడేది కొద్ది చోట్లే. మిగతాదంతా యంత్రాలు ఒకదాని నుంచి ఒకటి అందుకుని చేసుకుపోతాయి. ఆ వరుస మొత్తాన్నీ ఒక కాగితం మీద పెట్టెలుగా, బాణాలుగా గీసి పెడతారు. ఫ్లో చార్ట్ అనే ఈ బొమ్మే లైన్ వేయకముందు ప్రణాళిక, వేశాక దస్తావేజు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ముందు అడిగేదీ, కొత్తగా చేరిన ఇంజనీరు ముందు తిరగేసేదీ ఇదే. ఇంత ముఖ్యమైన కాగితాన్ని మనం చాలాచోట్ల ఫైల్లో పెట్టడానికే గీస్తున్నాం. అలా కాకూడదని నా పట్టుదల. అంతా సవ్యంగా సాగే దారిని గీయడం ఎవరికైనా చేతనవుతుంది. సాగనప్పుడు గీత ఎటు పోవాలో చూపించాలి, దాన్ని అక్కడ పనిచేసేవాళ్లు చదవగలగాలి. ఈ రెండూ ఉంటేనే ఆ బొమ్మకు విలువ.

ముందు సవ్యంగా సాగే దారి చూద్దాం. కాయ కాటా మీదికి వస్తుంది, తూకం పడుతుంది, దిగుతుంది. పచ్చిగా ఉంటే మాగబెట్టే గదికి పోతుంది. కార్బైడ్ నిషిద్ధం. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం దాకా వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. మాగిన కాయను బెల్టు మీద ఏరతారు. ఈ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. చెడిన కాయ ఒక్కటి కూడా జారిపోకుండా చూసే ఆ కళ్లకు సమానమైన యంత్రం చాలా ఫ్యాక్టరీల్లో ఇంకా లేదు. ఆ తర్వాత క్లోరిన్ నీళ్లలో కడగడం, డీస్టోనర్‌లో టెంక తీయడం, పల్పర్‌లో జల్లెడ పట్టి పీచు వేరుచేయడం. అక్కడి నుంచి గుజ్జు గొట్టాల్లోనే ప్రయాణం చేస్తుంది. వేడెక్కుతుంది, ఆ వేడిలో కొంతసేపు ఉంటుంది, చల్లబడుతుంది, సూక్ష్మజీవులు లేని సంచిలోకి బయటి గాలి తగలకుండా చేరుతుంది. సంచి ఇనుప డ్రమ్ములో ఉంటుంది, డ్రమ్ముకు 215 కిలోల దాకా పడుతుంది. మామూలు తోతాపురి గుజ్జు 14 నుంచి 16 బ్రిక్స్ ఉంటుంది, చిక్కబరిస్తే 28. బ్రిక్స్ అంటే అందులో కరిగి ఉన్న పదార్థం కొలత, అందులో ఎక్కువ భాగం చక్కెరే.

ఈ దారిని గీయడానికి మూడు గుర్తులు చాలు. ఒక పనికి ఒక పెట్టె, తర్వాతి పనికి బాణం. ప్రశ్న ఎదురైనచోట వజ్రం ఆకారం. ఆ వజ్రం నుంచి రెండు గీతలు బయలుదేరతాయి, ఒకటి ‘అవును’, ఒకటి ‘కాదు’. ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రాసెస్ చార్టుల మీద పత్రం సమర్పించారు. కార్మికుడి పనిని అడుగడుగునా గమనించి గీయడమే వాళ్ల విధానం. 1947లో గణితవేత్తలు గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ కంప్యూటర్‌కు పని అప్పగించే ముందు ఆ పనిని బొమ్మగా గీసుకునే పద్ధతి చూపించారు. ఇప్పుడు ఆఫీసుల్లో వాడే బీపీఎమ్‌ఎన్ వంటి గుర్తుల భాషలన్నిటికీ మూలాలు ఇక్కడే ఉన్నాయి.

ఫ్యాక్టరీ యంత్రాల కథలో నన్ను బాగా ఆకట్టుకునేది 1968 నాటిది. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ తన ఫ్యాక్టరీల్లో రిలేలు అనే స్విచ్‌లతో నిండిన అల్మారాలకు బదులు ఏదైనా కావాలని అడిగింది. మోడల్ మారినప్పుడల్లా ఆ అల్మారాల్లోని వైర్లన్నీ ఊడబీకి మళ్లీ కట్టాల్సి వచ్చేది. అలా పుట్టిన పెట్టే ఈ రోజు ఫ్యాక్టరీ ప్యానెళ్లలో ఉండి యంత్రాలను నడిపే పీఎల్‌సీ. దానికి పని నేర్పడానికి నిచ్చెన ఆకారపు బొమ్మను ఎంచుకున్నారు, ల్యాడర్ డయాగ్రామ్ అని పేరు. ఎందుకంటే ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు రిలే బొమ్మలు చదవడం అప్పటికే వచ్చు. రాత్రి రెండింటికి లైన్ ఆగితే దిద్దాల్సింది వాళ్లే, కాబట్టి వాళ్లు చదవగలిగే రూపంలోనే ప్రోగ్రాం ఉండాలనుకున్నారు. యాభై ఏళ్లు దాటినా ఆ నిచ్చెన బొమ్మ చెక్కుచెదరకుండా నిలవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు ఒక్క వజ్రం దగ్గర ఆగి చూద్దాం. గుజ్జు లైన్‌లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న అదే.

వేడెక్కిన గుజ్జు హోల్డింగ్ ట్యూబ్ అనే పొడవాటి గొట్టంలోంచి పోతుంది. నిర్ణయించిన వేడిలో నిర్ణయించినన్ని క్షణాలు గుజ్జు ఉండాలి. ఆ గొట్టం పొడవునూ, పంపు వేగాన్నీ ఆ లెక్కకే కుదురుస్తారు. గొట్టం చివర ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. ఉదాహరణకు హద్దు 95 డిగ్రీలు అనుకుందాం. వజ్రంలో రాసేది ఇంతే: వేడి 95 లేదా అంతకు పైన ఉందా? అవును అయితే గుజ్జు చల్లబరిచే భాగానికి, అక్కడి నుంచి సంచులు నింపే ఫిల్లర్‌కు పోతుంది. కాదు అయితే వాల్వ్ తిరుగుతుంది. పొలంలో మడవ మార్చి నీళ్లను ఒక కాలువ నుంచి ఇంకో కాలువకు మళ్లించినట్టు, గుజ్జును ఫిల్లర్ వైపు పోనీయకుండా వెనకటి ట్యాంకుకు మళ్లిస్తుంది.

చాలా బొమ్మలు ఇక్కడితో ఆగిపోతాయి. ‘కాదు’ దగ్గర ఒక బాణం, దాని చివర ‘మళ్లింపు’ అన్న పెట్టె, అంతే. కానీ అసలు ప్రశ్నలు మొదలయ్యేది అక్కడే.

వేడి పడిపోయిందని సెన్సర్ గుర్తించేలోపు వాల్వ్ దాటి కొంత గుజ్జు ముందుకు పోయిందా? పోయే వీలుంటే చల్లబరిచే గొట్టాలు, ఫిల్లర్ ఇక శుభ్రంగా ఉన్నట్టు లెక్క కాదు. వాటిని వేడి నీళ్లతోనో ఆవిరితోనో మళ్లీ స్టెరిలైజ్ చేశాకే నింపడం మొదలవ్వాలి. ఆ పెట్టె బొమ్మలో ఉందా? సగం నిండిన సంచిని ఏం చేయాలి? దాన్ని పక్కన పెట్టి, గుర్తు వేసి, నాణ్యత విభాగం చూసేదాకా గోదాముకు పోనీయకుండా ఎవరు ఆపాలి? వేడి మళ్లీ 95కు చేరగానే వాల్వ్ తనంతట తాను తెరుచుకుంటుందా, కొంతసేపు నిలకడగా ఉన్నాకనా, లేక ఒక మనిషి చూసి బటన్ నొక్కాకా? వెనకటి ట్యాంకుకు వచ్చిన గుజ్జు మళ్లీ వేడెక్కుతుంది. అలా ఎన్నిసార్లు తిరగవచ్చు? పదేపదే వేడి తగిలితే గుజ్జు రంగు మారుతుంది, వాసన పోతుంది. వెనక్కి తిరిగే ప్రతి బాణం పక్కన ఎన్నిసార్లు అన్న అంకె ఉండాలి. ఆ అంకె లేకపోతే ఆ వలయంలో గుజ్జు ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు సంగతి కూడా చెప్పుకోవాలి. సీజన్ నడుమ గాలివాన వచ్చి కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు కొన్ని క్షణాలు గడుస్తాయి. ఆ క్షణాల్లో పంపు ఆగింది, గుజ్జు గొట్టంలో నిలిచిపోయింది. కరెంటు తిరిగి రాగానే పీఎల్‌సీ ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి? ఆగిన చోటి నుంచే అంటే ప్రమాదం. మొదటి నుంచి అంటే గొట్టంలో ఉన్న సరుకు సంగతి తేల్చాలి. దీనికి జవాబు ప్రోగ్రాం రాసినవాడి తలలో ఉండి, బొమ్మలో లేకపోతే, అతను ఉద్యోగం మారిన రోజున ఆ జవాబు కూడా వెళ్లిపోతుంది.

వీటన్నిటినీ గీస్తే బొమ్మ పెద్దదవుతుందన్నది నిజమే. అందుకే దాన్ని అంచెలుగా విడగొడతారు. లైన్ మొత్తం ఒక కాగితం మీద, ఒక్కో కీలక ఘట్టం ఒక్కో వేరే కాగితం మీద. గొట్టాలు, వాల్వులు, సెన్సర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే బొమ్మ ఇంకొకటి. వరుసగా జరిగే పనులకు మెట్లు, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పోవడానికి షరతులు చూపే పద్ధతి 1977లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకుంది. గ్రాఫ్‌సెట్ అంటారు. తర్వాత అదే పీఎల్‌సీల అంతర్జాతీయ ప్రమాణంలోకి చేరింది. షిఫ్ట్ అయ్యాక లైన్‌ను విప్పకుండానే కడిగే పనికి ఇది సరిగ్గా సరిపోతుంది. నీళ్లు, కాస్టిక్, నీళ్లు, యాసిడ్, మళ్లీ నీళ్లు, ఇదీ మామూలు వరుస. ఒక మెట్టు ఎప్పుడు ముగిసినట్టు అన్నదే ఇక్కడ కీలకం. పది నిమిషాలు గడిచాయి అన్న షరతు వేరు, బయటికొచ్చే నీళ్లలో కాస్టిక్ జాడ లేదని కొలమానం చూపించింది అన్న షరతు వేరు. మొదటిది గడియారాన్ని నమ్ముతుంది, రెండోది గొట్టాన్ని చూస్తుంది. రెండో షరతునే గీయమంటాను.

బొమ్మ గీశాక ఏం చేయాలో ఆహార పరిశ్రమకు స్పష్టమైన నియమం ఉంది. వ్యోమగాముల తిండి కోసం 1960లలో పిల్స్‌బరీ కంపెనీ, నాసా, అమెరికా సైన్యపు పరిశోధకులు కలిసి రూపొందించిన పద్ధతి నేడు హాసప్ పేరుతో ప్రపంచమంతా నడుస్తోంది. తయారైన డబ్బాను పరీక్షించి ఊరుకోకుండా, తయారీలో ప్రమాదం ఎక్కడ పుట్టగలదో ముందే గుర్తించి అక్కడే కాపలా పెట్టడం దాని సారం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1993లో దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 12 మెట్లు. నాలుగోది ఫ్లో డయాగ్రామ్ గీయడం, అయిదోది ఆ డయాగ్రామ్‌ను పని జరిగేచోటే, పని జరిగే వేళల్లో సరిచూడడం. ప్రమాదాల విశ్లేషణ ఆ తర్వాతే. అంటే నడిచి చూడని బొమ్మ మీద చేసిన విశ్లేషణ చెల్లదని ఆ వరుస చెబుతోంది.

నడిచి చూడటం అంటే కాగితం చేతపట్టుకుని కాటా దగ్గర మొదలుపెట్టి గోదాము దాకా పోవడం. పగలు ఒకసారి, రాత్రి షిఫ్ట్‌లో ఒకసారి. ప్రతి పెట్టె దగ్గర ఆగి అక్కడున్న మనిషిని అడగాలి: నువ్వు చేసేది ఇదేనా? ఇది కుదరనప్పుడు ఏం చేస్తావు? ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే బొమ్మను నిజం చేస్తాయి. సీజన్ తొందరలో వేసిన పక్కదారి గొట్టం, పాడైన సెన్సర్‌ను తప్పించడానికి ప్యానెల్‌లో తిప్పిన స్విచ్, ఏరే బెల్టు దగ్గర ఇద్దరు తగ్గినప్పుడు లైన్ వేగం తగ్గించే అలవాటు, ఇవన్నీ అక్కడివాళ్లకు తెలుసు, కాగితానికి తెలియవు. తెలిసినవాటిని దాచిపెట్టకుండా చెప్పగలిగే నమ్మకం కార్మికులకు యాజమాన్యం ఇవ్వాలి. చెప్పినందుకు మెమో ఇస్తారనుకుంటే ఎవరూ నోరు విప్పరు.

భాష కూడా ఇందులో భాగమే. లైన్ మీద పనిచేసేవాళ్లలో చిత్తూరు పల్లెలవాళ్లు, సరిహద్దు తమిళులు, దూరం నుంచి వచ్చిన వలస కూలీలు ఉంటారు. బొమ్మ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఆడిటర్ కోసం ఒక ఇంగ్లీషు ప్రతి ఉండాలి, కాదనను. గోడ మీద వేలాడదీసే ప్రతి మాత్రం తెలుగులో, అవసరమైతే తమిళంలో, హిందీలో ఉండాలి. వాల్వు, పంపు, సెన్సర్ వంటి మాటలు అందరికీ తెలిసినవే, వాటిని మార్చక్కర్లేదు. ‘కాదు’ గీత వెంట ఏం చేయాలన్నది మాత్రం చదివేవాడి భాషలోనే ఉండాలి.

ఇంతవరకు చెప్పింది గేటు లోపలి కథ. బొమ్మ ఎక్కడ మొదలవ్వాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫ్యాక్టరీ ఫ్లో చార్టులో మొదటి పెట్టె మీద ‘సరుకు స్వీకరణ’ అని ఉంటుంది. రైతుకు అది చివరి పెట్టె. ఆ లోపు కోత, కూలీలు, ట్రాక్టర్ బాడుగ, టోకెన్, గేటు ముందు వరుస, అన్నీ జరిగిపోయాయి. 1947లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణంగా తీసుకున్న అయిదు గుర్తుల్లో పనికి ఒకటి, రవాణాకు ఒకటి, తనిఖీకి ఒకటి, నిల్వకు ఒకటి ఉన్నాయి. అయిదోది ఎదురుచూపుకు. ఇంగ్లీషు ‘డి’ అక్షరం ఆకారంలో ఉంటుంది. ఎదురుచూపు కూడా పనిలో భాగమేననీ, దానికీ ఖర్చు ఉందనీ ఆ ఇంజనీర్లు గుర్తించారు. మన బొమ్మల్లో ఆ గుర్తు కనిపించడం అరుదు. ట్రాక్టర్ మీద ఎండలో నిలిచిన కాయ బరువు తగ్గుతుంది, అడుగున నలుగుతుంది, మగ్గి చెడుతుంది. నష్టం ఎవరిదన్నది మాత్రం ఏ పెట్టెలోనూ ఉండదు కాబట్టి అది రైతు మీదే పడుతుంది.

2025 సీజన్‌లో ఇది అందరి కళ్లకూ కనిపించింది. తోతాపురి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కేలా ప్రభుత్వం ఒక ఏర్పాటు ప్రకటించింది: ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు రైతు ఖాతాలో వేస్తుంది. చెప్పడానికి ఒక వాక్యం. గీస్తే ఎన్ని పెట్టెలో చూడండి. రైతు పేరు, తోట వివరం నమోదు కావాలి. టోకెన్ రావాలి. ఫ్యాక్టరీలోనో, వ్యాపారులు కాయ కొనే ర్యాంపులోనో కాటా పడాలి. తూకం చీటీలోని అంకె నమోదు వివరంతో సరిపోవాలి. ఫ్యాక్టరీ సొమ్ము ఒక దారిన, సర్కారు సొమ్ము ఇంకో దారిన ఖాతాకు చేరాలి. ఇందులో చాలా భాగం కంప్యూటర్లే చేసుకుపోయే పని, అంటే గుజ్జు లైన్ లాంటిదే ఇదీ.

ఇప్పుడు దీంట్లో ‘కాదు’ గీతలు వెతుకుదాం. భూమి తండ్రి పేరు మీద ఉండి కాయ కొడుకు తెచ్చాడు, పేర్లు కలవలేదు. గీత ఎటు? కౌలు రైతు తెచ్చాడు, 4 రూపాయలు ఎవరి ఖాతాకు? కాయను ఫ్యాక్టరీకి కాక ర్యాంపులో అమ్మాడు, ఆ చీటీ లెక్కలోకి వస్తుందా? టోకెన్ తేదీ నాటికి లైన్ ఆగిపోయింది, ఆ టోకెన్ మరుసటి రోజుకు చెల్లుతుందా? ఫ్యాక్టరీ 8 రూపాయలకు తక్కువ ఇచ్చింది, రైతు ఎవరికి చెప్పాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? పూర్తి ధర అందలేదని ఆ సీజన్‌లో రైతులు రోడ్డెక్కారు. నా అంచనాలో ఆ గోడులో కొంత భాగం ధరది, కొంత భాగం గీయని గీతలది. ధర మార్కెట్‌తో ముడిపడినది, దాన్ని బొమ్మతో సరిచేయలేం. దారి తెలియక పడే తిప్పలు మాత్రం తప్పించగలం.

ఇలాంటి పథకాన్ని కంప్యూటర్లకు అప్పగించే ముందే దాని బొమ్మను రైతు సేవా కేంద్రంలో గోడకు అంటించి, పదిమంది రైతులను, ఇద్దరు కాటా గుమస్తాలను, ఒక ట్రాక్టర్ డ్రైవర్‌ను కూర్చోబెట్టి ‘ఇది ఎక్కడ తెగుతుందో చెప్పండి’ అని అడిగితే, ఒక పూటలో తేలే సంగతులు సీజన్ మధ్యలో ధర్నాల దాకా పోవు. కోడెక్స్ అయిదో మెట్టు చెప్పేది ఇదే. ఫ్యాక్టరీ లోపల తప్పనిసరి అనుకున్న పనిని గేటు బయట ఎందుకు వదిలేస్తున్నాం?

పాత బొమ్మల సంగతి ఒకటి మిగిలింది. ప్రతి బొమ్మ కింద తేదీ, ఎన్నో ప్రతి, ఎవరు సరిచూశారు అన్న మూడూ ఉండాలి. వాల్వు మార్చిన రోజే బొమ్మ మారాలి. ప్రోగ్రాంలో హద్దును 95 నుంచి 96 చేసినా మారాలి. గోడ మీది పాత ప్రతిని తీసేయాలి. పాతదీ కొత్తదీ రెండూ ఉంటే అవసరం వచ్చినప్పుడు ఎవడికి దొరికింది వాడు చదువుతాడు. సీజన్ ముగిశాక యంత్రాలను విప్పి బాగుచేసే నెలలే దీనికి అనువైన కాలం. మరమ్మతు జాబితాలో బేరింగులు, గ్యాస్కెట్ల పక్కన ‘బొమ్మ’ అన్న వరుస కూడా రాసుకోవాలి.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు, ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ఏటా ప్రాజెక్టు కోసం విషయాలు వెతుక్కునే విద్యార్థులకు నాదొక మనవి. గంట దూరంలో ఉన్న ఏదైనా గుజ్జు ఫ్యాక్టరీకో, పాలు సేకరించే కేంద్రానికో, మండీకో అనుమతి తీసుకుని వెళ్లండి. అక్కడి పని ఒకదాన్ని తెలుగులో గీయండి. ‘కాదు’ గీతలన్నిటినీ చివరిదాకా లాగండి. ఎదురుచూపు ఉన్నచోట ఆ గుర్తు వేసి, పక్కన ఎన్ని గంటలో రాయండి. గీసినదాన్ని అక్కడ పనిచేసేవాళ్ల చేతికే ఇచ్చి దిద్దమనండి. ఫ్యాక్టరీ యజమానులకు, వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులకు కూడా ఇదే మాట: వచ్చే జూన్‌కు ముందే ఆ బొమ్మను గేటు బయట, రైతు నిలబడే చోట, అందరికీ కనిపించేలా పెట్టండి.